‘లాస్ట్’ పక్కన ‘మై’

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. బస్సులో వెళ్తూ ఇంగ్లీషు బోర్డులన్నీ నాకు చదివి వినిపించేవారు కదా, ఇప్పుడు నేనే హుస్సేనీ ఆలంలో ఇంగ్లీషు క్లాసుకు వెళ్తున్నాను.

ఈ రోజు నాతో చదివే షబానా చేతికి కట్టుతో వచ్చి, “ఐ బ్రోక్ మై హ్యాండ్” అంది.

“నువ్వే విరగ్గొట్టుకున్నవా?” అని అడిగాను.

“లే అక్కా, మెట్ల మీదికెళ్లి పడ్డ. ఇంగ్లీషుల గిట్లనే అంటరంట” అని నవ్వింది.

నా వంతు వచ్చినప్పుడు మీ గురించి చెప్పాలనుకున్నాను. ఇంగ్లీషులో ఎలా అనాలని అడిగితే మేడం బోర్డు మీద “ఐ లాస్ట్ మై హస్బెండ్” అని రాసింది.

“పోగొట్టుకున్నంక గూడ ‘మై’ ఎట్లుంటది మేడం?”

“ఉంటదమ్మా. అది తీసేస్తే వాక్యం తప్పయితది.”

మీరుంటే దీని మీద నాతో పొద్దంతా వాదించేవారు. నేను లేచి నిలబడి, ఒక్క మాటా వదలకుండా గట్టిగా చదివాను.