గొంబెయ్ చివరి మాట

ఒసాకా, జూన్

మినెగిషి ఒరియె గారికి,

ఉజవా రెయిజి నమస్కరించి రాయునది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. మీ హమదా రేవులోనూ పడుతున్నాయనుకుంటాను.

మీరు ఒకప్పుడు పనిచేసిన గేమ్ కంపెనీలో ఇప్పుడు కథల విభాగం నేను చూస్తున్నాను. మీరు రాసిన "పొగమంచు రేవు" గేమ్‌కి ఇన్నేళ్లకి రెండో భాగం తీస్తున్నాం. అందులో జనం ఇప్పటికీ మరిచిపోనిది లైట్‌హౌస్ కాపలాదారు గొంబెయ్‌ని. ఎప్పుడు వెళ్లినా తిట్టిపోసి, తడిసిన చొక్కా విప్పించి, పొయ్యి పక్కన కూర్చోబెట్టే ముసలాయన. అంత ఇష్టమైన మనిషి కాబట్టి ఈ భాగం చివర ఆయన్ని చంపుతున్నాం. భార్య చేయి పట్టుకుని, నక్షత్రాల గురించీ ప్రేమ గురించీ చాలాసేపు మాట్లాడి కన్నుమూస్తాడు. ఆ ఘట్టం జతపరిచాను. మీ ఆశీస్సులు కావాలి.

ఇట్లు,
ఉజవా

తా.క.: ఎవరు పోతే ఎక్కువ ఏడుస్తారని అభిమానుల్ని ఓటు అడిగాం. గొంబెయ్ భారీ మెజారిటీతో గెలిచాడు.

*

హమదా

ఉజవా గారికి,

ఇక్కడా వానే. గుమ్మం ముందు హైడ్రాంజియాలు బాగా పూశాయి. మీరు పంపిన ఘట్టం చదివాను. అచ్చు చక్కగా ఉంది.

ఒక సంగతి మీకు తెలియకపోవచ్చు. గొంబెయ్‌ని నేను మా ఆయన్ని చూసి రాశాను. పేరు కెన్‌సాకు. పడవల ఇంజన్లు బాగుచేసేవాడు, ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. ఈ పూట సాబా చేపలో ఉప్పెక్కువైందని గొణుగుతూనే ముల్లు తప్ప ఏమీ మిగల్చలేదు. నన్ను పేరు పెట్టి పిలవడం పెళ్లయిన కొత్తలోనే మానేశాడు. "ఏమే" అంటాడు, అంతే. అలాంటి మనిషి నోట నక్షత్రాలు పలికించడం కొంచెం కష్టమేమోనండి.

మీ శ్రేయోభిలాషి,
ఒరియె

తా.క.: ఆ చివరి ప్రసంగం మా ఆయనకి చదివి వినిపించాను. "ఇంత ఊపిరున్నవాడు చావడమెందుకు?" అన్నాడు.

*

ఒసాకా, జూలై

ఒరియె గారికి,

ఎండలు ముదిరాయి, ఆరోగ్యం జాగ్రత్త. మీ ప్రోత్సాహానికి మా బృందమంతా పొంగిపోయింది. కష్టమైన పనేనని మీరే అన్నారు కాబట్టి ఇంకో ఇద్దరు రచయితల్ని అదనంగా వేసుకున్నాం. ఊపిరి విషయంలో మీవారు అన్నది అక్షరాలా నిజం. అందుకని ప్రసంగం మధ్య మధ్య దగ్గు పెట్టాం. చేప సంగతి కూడా వాడుకున్నాం. గొంబెయ్ ఇప్పుడు కనిపించినప్పుడల్లా "నా సాబా ఏదీ?" అంటాడు. నవ్వుతారు, తర్వాత ఏడుస్తారు.

కృతజ్ఞతలతో,
ఉజవా

తా.క.: మెత్తటి గుడ్డతో సాబా బొమ్మ చేయించాం. మీకొకటి పంపుతున్నాను. పొట్ట నొక్కితే దగ్గుతుంది.

*

హమదా

ఉజవా గారికి,

ఎండలు బాగానే ఉన్నాయి, నా ఆరోగ్యమే బాగోలేదు. మీ ఉత్తరం చదివాక ఇలా అయింది.

"కొంచెం కష్టం" అంటే వద్దని. మీరు పుట్టింది ఈ దేశంలోనే కదా?

గొంబెయ్ ఏనాడూ ప్రేమ అన్న మాట అనడు. అననివాడు కాబట్టే అతను గొంబెయ్. "చొక్కా విప్పు వెధవా, జ్వరమొస్తే నేను మోయలేను" అంటే ఆ రోజుల్లో ఆడిన చిన్నపిల్లలకి అర్థమైంది. వాళ్లే ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. ఈలోగా వాళ్ల బుర్ర తగ్గిపోయిందని మీకెవరు చెప్పారు? చేప చేప అని అరిపించి ఆయన్ని బఫూన్ని చేశారు, చంపేముందు కవిని చేస్తున్నారు. రెండింటి మధ్యా మనిషేడీ? అలాంటివాడు ఎలా పోతాడో మీకు తెలియకపోతే తెలిసినవాళ్లనడగండి.

ఒరియె

తా.క.: బొమ్మ అందింది. మా ఆయన వదలకుండా నొక్కుతున్నాడు. అది దగ్గుతుంటే తన దగ్గు తగ్గినట్టుందట.

*

ఒసాకా, ఆగస్టు

ఒరియె గారికి,

మీ కోపం మాకు పాఠం. తెలిసినవాళ్లనడగమన్నారు. మీకంటే తెలిసినవారు ఎవరున్నారు? అలాంటి మనిషి ఎలా పోతాడో మీరే రాసి పంపండి. చిన్నదైనా పరవాలేదు. తొందరేమీ లేదు గానీ సెప్టెంబరు దాటితే కొంచెం కష్టం. ఇక్కడ కష్టమంటే నిజంగా కష్టమేనండి.

ఎదురుచూస్తూ,
ఉజవా

తా.క.: మీ మీద గౌరవంతో గొంబెయ్ భార్యకి మీ పేరే పెట్టాం.

*

హమదా

ఉజవా గారికి,

ఈసారి ఎండావానల గురించి రాయలేను.

మా ముసలాయన పోయాడు. ఊపిరితిత్తులు. ఆసుపత్రికి రానని మొండికేసి ఇంట్లోనే పడుకున్నాడు. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టింది. "ఏమే, కిటికీ మూయి. చాపలు తడుస్తున్నాయి" అన్నాడు. మూసి వచ్చాను. అంతే.

కొన్నాళ్లు నాకు ఉత్తరాలు రాయకండి.

ఒరియె

*

ఒసాకా, సెప్టెంబరు

ఒరియె గారికి,

మీ ఘట్టం అందింది. సమావేశంలో అందరికీ చదివి వినిపించాను. "మా ముసలాయన" అంటూ భార్య గొంతుతో రాయడం మాకెవరికీ తట్టని ఆలోచన. పాత ప్రసంగం మొత్తం తీసేశాం. "ఉత్తరాలు రాయకండి" అన్న ముగింపు కూడా గొప్పగా ఉంది గానీ, గేమ్‌లో ఉత్తరాలు లేవు కాబట్టి వదిలేశాం.

ఒకటే చిక్కు. ఆడి చూసినవాళ్లలో చాలామందికి ఆయన పోయాడని తెలియలేదు. కిటికీ సరిగ్గా పడలేదేమోనని మళ్లీ తెరిచి మూస్తున్నారు. అందుకని కిటికీ మూసి వచ్చాక ఆయన ఒకే ఒక్క వాక్యం చెప్పి పోయేలా మార్చాం. మీకు నచ్చకపోతే తీసేస్తాను, మాటిస్తున్నాను. డిస్కూ, టీవీకి తగిలించే గేమ్ పెట్టే పంపుతున్నాను.

అభిమానంతో,
ఉజవా

తా.క.: మీవారు కులాసాయేనా? దగ్గు తగ్గిందా? ఈ చావు మీద ఆయన అభిప్రాయం తప్పకుండా కనుక్కుని రాయండి.

*

హమదా

ఉజవా గారికి,

నేను పంపింది ఘట్టం కాదు, చావు కబురు.

మిమ్మల్ని తిడదామనే కాగితం తీశాను. తిట్టేముందు ఏం పాడుచేశారో చూద్దామని మా అమ్మాయి మిసావొ చేత పెట్టె బిగించుకున్నాను. వాన వచ్చింది. కిటికీ మూయమన్నాడు. మూసి వెనక్కి తిరిగితే ముసలాయన ఇంకా ఉన్నాడు. "ఒరియె, నీతో బాగా గడిచింది" అన్నాడు.

అది చెత్త రాత. ఆయన ఆ మాట అనడు. గొంతు ఎవరో కుర్రవాడిది, కావాలని వణికిస్తున్నాడు. బతుకంతా పాత్రలకి మాటలు రాసినదాన్ని, అబద్ధం ఎక్కడుందో నాకు తెలుస్తుంది.

తీసేయకండి.

ఆ తర్వాత తెర మీద నేను చెప్పాల్సిన జవాబులు వచ్చాయి. "నాకూ అంతే" అని ఒకటి, "వెళ్లకు" అని ఒకటి. ఏది నొక్కినా ఆయన పోతాడని మిసావొ చెప్పింది. ఏదీ నొక్కకపోతే ఏమవుతుందో మీరు రాసినట్టు లేదు. ఏమీ అవడం లేదు. నా వంకే చూస్తూ ఊపిరి తీసుకుంటున్నాడు. నిన్నటి నుంచీ అలాగే ఉంచాను.

ఇట్లు,
మినెగిషి ఒరియె

తా.క.: పెట్టె బాగా వేడెక్కుతోంది. ఫ్యాను దాని వైపు తిప్పాను. ఆపకుండా ఎన్నాళ్లు నడుస్తుందో మీ ఇంజనీర్లని అడిగి వెంటనే రాయండి.