నిలబడ్డ ప్యాంటు

అక్కా,

నేను బాగున్నాను. ముక్కు, చెవులు, వేళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. "చలికి ఉండలేకపోతే వచ్చెయ్యవే" అని రాశావు. నేను ఇక్కడికొచ్చిన మొదటి నెలలోనే రాసి ఉంటే ఆ కార్డు పట్టుకుని బండెక్కేసేదాన్ని.

నేను పనిచేసే లాండ్రీ బయట ఆరేసిన బట్టలు గడ్డకట్టి చెక్కల్లా తయారవుతాయి. నిన్న మా పనివాళ్లం సూపర్వైజరుగారి ప్యాంటు తెచ్చి పొయ్యి పక్కన నిలబెడితే, నిజంగానే నిలబడింది! అంతలో ఆయనే వచ్చాడు. మాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఎన్నడూ నవ్వని ఆ మనిషి దాన్ని ఎగాదిగా చూసి, "ఊరికే నిలబడ్డావేమయ్యా, పని చూసుకో" అన్నాడు. వేడి తగిలి ప్యాంటు మోకాళ్ల దగ్గర మెల్లగా వంగి చతికిలబడింది. "కూర్చోమన్నానా?" అని గదిమాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

బాబుకి దగ్గు తగ్గిందా? నా శాలువా పెట్టెలో దాచకుండా మీ అత్తగారికివ్వు. నాకు ఎర్ర ఊలు పంపు, ఇక్కడే కొత్తది అల్లుకుంటాను.

నిన్న ఆ నవ్వుల్లో ఒకటి మరీ పెద్దగా వినిపించి, ఎవరిదా అని వెనక్కి తిరిగి చూశాను. నాదే. అచ్చం నీ నవ్వు! వీధి చివరిదాకా వినిపిస్తుందని బావ వెక్కిరిస్తాడు కదా, ఇక్కడి వీధి చివరికీ వినిపించిందని చెప్పు.

నీ చెల్లి