మాత్రల్లో దొంగ

అమ్మా,

నేను కులాసాగానే ఉన్నాను. టీబీ మాత్రలకు ఒళ్లంతా దద్దుర్లు లేచిన మాట నిజమే. "పడకపోతే మానేసి వచ్చెయ్" అని రాశావు. నేను మానను. మా కరెంటు పనిలో ఎక్కడైనా షార్టయితే ఫ్యూజులన్నీ పీకి, ఒక్కొక్కటే పెట్టి చూస్తాం. డాక్టరమ్మ కూడా అదే చేసింది. మాత్రలన్నీ ఆపించి, ఒక్కొక్కటే మళ్లీ మింగించింది. మూడోదానికి మళ్లీ దురద మొదలైంది. "దొరికాడు దొంగ!" అని ఆసుపత్రి అదిరేలా అరిచాను. ఆ ఒక్కటే మార్చింది.

దద్దుర్లకని పసరు పంపకు. మెత్తటి పాతచీర పంపు, కప్పుకుంటాను. వంటింటి స్విచ్చి తడిచేత్తో ముట్టుకోకు.

నా కంచం విడిగా పెట్టావని చెల్లి రాసింది. నా జబ్బు ఇక ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పేసింది. నాన్నకు నమస్కారాలు చెప్పి, ఆ కంచం తీసుకెళ్లి అందరి కంచాల్లో కలుపు. వచ్చి మీ మధ్యలోనే కూర్చుంటాను.

నీ మొండిఘటం