ఎడమ కాలి బూటు

అక్కా, ఈ పరుగుల శిబిరంలో తిండికీ నిద్రకీ లోటు లేదు, దిగులుపడకు. నాకున్న జబ్బల్లా ఒళ్ళుమంట ఒక్కటే. నా గదిలో ఉండే పొడుగుపిల్లకి పాత పెట్టుడు కాలి బదులు, కొడవలిలా వంగి స్ప్రింగులా ఎగిరే బ్లేడు కాలు వచ్చింది. మొన్నటిదాకా నా వెనక రొప్పుతూ వచ్చేది, ఇప్పుడు దాని వీపు చూస్తూ పరిగెత్తడమే నా పని. గొప్పతనం ఆ పిల్లదా, ఆ కాలిదా అని కోచ్‌ని అడిగితే, "ముందు నువ్వు పరిగెత్తమ్మా" అన్నాడు.

నిన్న ఆ పిల్ల చంకకర్రలతో స్నానానికి వెళ్ళగానే ఆ బ్లేడు తొడుక్కోబోయాను. ఎంత తోసినా ఎక్కదే! ఆ పిల్ల వచ్చి చూసి, "ఒసేయ్, అది ఎడమ కాలిది. నీకు లేనిది కుడికాలు కదే!" అని పడీపడీ నవ్వింది. కుళ్ళుతో నాకు ఏ కాలు లేదో కూడా మరిచిపోయాను.

అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నా పెట్టుడు కాలి లోపలికి రెండు ఊలు తొడుగులు అల్లి పంపు, పాతవి చిరిగాయి. చంటాడికి ముద్దులు. బావని బూట్లు కొనొద్దను. బ్లేడుకి బూటు అక్కర్లేదని ఆ పిల్ల తన కొత్త జతలో ఎడమది నాకిచ్చేసింది. పెట్టుడు కాలికి పాతదే చాలు.

వేసుకుని చూశాను. అతికినట్టు సరిపోయింది. ఇక దాన్ని తిట్టుకోడానికీ వీల్లేదు, అదే నా కడుపుమంట.

నీ చెల్లి