ఓబులమ్మ పేరు వద్దన్నందుకు

ఎర్రిస్వామీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కన్నడ బస్సు బోర్డును తెలుగు అక్షరాల్లో చూపే నీ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని ఎందరెందరో ఇలాంటివి దాచే ఆన్‌లైన్ రిపాజిటరీ నుంచి దించుకుంటున్నారు. తెలుగు మాత్రమే చదవగల మీ అమ్మకు కప్పగల్లు బస్సు తప్పిపోతోందని రాశావు దాన్ని. ఆమె పేరే, ఓబులమ్మ అని పెడతానన్నావు.

నేనే అడ్డుపడ్డాను. ముందు పైథాన్ అని ప్రోగ్రామింగ్ భాష పేరు, వెనక అది చేసే పని, అదీ పద్ధతి అని బ్రూస్‌పేట హోటల్లో టీ చల్లారేదాకా వాదించాను.

"మా యమ్మ పేరుంటే పని చేయనంటాదా ఏందప్పా అది?" అని నవ్వి, చివరికి నా మాటే విన్నావు.

కూలి మనుషుల పేర్లు చరిత్రలో లేకుండా చేశారని ఊరూరా తిట్టే నోరు నాది. ఆ నోటితోనే మీ అమ్మ పేరు తీయించాను. ఇప్పుడు మారుద్దామంటే, నేను పెట్టించిన పేరును నమ్ముకున్న ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి.

అందుకే ఆసుపత్రి బోర్డులు చదివే కొత్త ప్యాకేజీకి ఓబులమ్మ అని పెట్టి పంపాను. పేరులో పని కనబడాలని రిపాజిటరీ వాళ్ళు తిప్పి పంపారు. పొద్దున్నుంచి పోట్లాడుతున్నాను. వాళ్ళు చెప్పే కారణాలన్నీ నాకు కంఠతా వచ్చినవే. చివరికి, 'మా యమ్మ పేరుంటే పని చేయనంటాదా' అన్న నీ ప్రశ్నే రాసి పంపాను.