తాతయ్య కుడికాలు

పిచ్చుకకి తాతయ్య ముద్దులు.

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. రెండుసార్లు కలం మూత తీసి రెండుసార్లూ పెట్టేశాను. కానీ "తాతయ్యా, నాకు భయంగా ఉంది" అని నువ్వు రాసిన చోట సిరా అలుక్కుపోయింది. చెమటో కన్నీళ్లో తెలియలేదు. ఫోనులో అయితే నాకు సగమే వినబడుతుంది. అందుకని ఇదిగో.

నెలాఖరులోగా మోటారు సైకిలుకీ కారుకీ లైసెన్సు తెస్తేనే ఆసుపత్రివాళ్లు నిన్ను రోగుల ఇళ్లకి వెళ్లి కాళ్లూ చేతులూ వంచి వ్యాయామం చేయించే ఉద్యోగంలో ఉంచుతారు. తేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. అంతేగా? మొదటిసారి బండెక్కినప్పుడు నాకూ భయం వేసిందా అని అడిగావు.

వేయకేం! అది ఒక కాంపౌండరు దగ్గర కొన్న పాత మోటారు సైకిలు. కదిలే ముందు దగ్గేది, ఆగే ముందు మూలిగేది. సరిగ్గా అప్పుడే మా అచ్చాపీసులో ఎముకల వైద్యం పుస్తకానికి ప్రూఫులు దిద్దుతున్నాను. నా చదువంతా అలా దిద్దుకున్నదేగా! మనిషికి రెండువందల ఆరు ఎముకలని ఆ వారమే తెలిసింది. కలప అడితి దగ్గర బండి పల్లంలోకి దిగుతుంటే ఒక్కొక్క ఎముకనీ పేరుపెట్టి తలుచుకున్నాను. మోకాలిచిప్ప దాకా వచ్చేసరికి మలుపు వచ్చింది.

అనుభవంతో చెబుతున్నాను, విను. మలుపు రాగానే కళ్లు గట్టిగా మూసుకో. ముందున్నదాన్ని రెండు చేతులా వాటేసుకో. బండి ఎటు ఒరిగితే నువ్వూ అటే ఒరుగు. కళ్లు తెరిచేసరికి మలుపు వెనకపడిపోయి ఉంటుంది.

నీ మేలు కోరే,
తాతయ్య

తా.క.: ఇది మీ అమ్మమ్మకి చూపించలేదు. నా మోటారు సైకిలు సంగతులు ఎత్తితే ఆవిడకి ఎందుకో దగ్గు వస్తుంది.

* * *

తాతయ్యకి నమస్కారాలు.

బతికే ఉన్నాను. మోచేతికి కట్టు.

నువ్వు చెప్పినట్టే చేశాను. మలుపు రాగానే కళ్లు మూసుకుని హ్యాండిలునీ పెట్రోలు ట్యాంకునీ కలిపి వాటేసుకున్నాను. బండి ఒరిగింది. నేనూ ఒరిగాను. ఆ తర్వాత ఇద్దరం లేవలేదు. కళ్లు తెరిస్తే ఇసక గుట్టలో ఉన్నాను. డ్రైవింగు మాస్టారు పరిగెత్తుకొచ్చారు.

"తల్లీ, కళ్లెందుకు మూశావు?"

"మా తాతయ్య అలాగే నడిపేవారండీ."

"ఉన్నారా ఆయన?"

"ఉన్నారండీ."

"ఎలా?"

నీకు నవ్వొస్తోందేమో. నాకు రావడం లేదు తాతయ్యా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను వంచే కాళ్లలో సగం బండి మీంచి పడ్డవే. అందరూ ఒకటే మాట: "క్షణంలో అయిపోయిందమ్మా." హ్యాండిలు పట్టుకోగానే ఆ మాట వినబడుతుంది. అరచేతులు తడిసి పట్టు జారుతుంది. సోమవారం నుంచి కారు. అది ఇంకా పెద్దది. కారులో నువ్వేం చేసేవాడివో త్వరగా రాయి.

నీ పిచ్చుక

తా.క.: కట్టు ఇసక వల్ల కాదు. గుట్ట మీద ముందే పడుకున్న పిల్లి వల్ల.

* * *

మోచెయ్యి గీరుకున్న పిచ్చుకకి,

మీ మాస్టారికి వయసెంత? కుర్రమాస్టార్లకి తొందరెక్కువ. కళ్లు మూసుకున్నందువల్ల నాకు ఏనాడూ ఏ ఇబ్బందీ రాలేదు. ఒరగడంలో నువ్వే ఆలస్యం చేసి ఉంటావు.

ఇక కారు. మా మొదటి కారు ఏ రంగో అమ్మినవాడు కూడా ఖాయంగా చెప్పలేకపోయాడు. ఒక తలుపు తాడుతో కట్టి ఉండేది. నా కాళ్ల కింద చిల్లులోంచి రోడ్డు పరిగెత్తడం కనబడేది. అందులోంచి ఒకసారి నా ఎడమ చెప్పు జారిపోయింది. కుడిది దాచాను, పోయినది మళ్లీ దొరక్కపోతుందా అని. సరే, అది వేరే కథ.

పల్లంలో లారీ ఎదురొస్తుంది. అప్పుడు చేయవలసింది ఒక్కటే. కుడికాలిని బలం కొద్దీ కిందికి తొక్కిపెట్టు. ఎంత భయం వేస్తే అంత గట్టిగా. ఎత్తకు. పాతికేళ్లలో నేనలా తొక్కితే కారు ఆగని రోజు లేదు.

ధైర్యం చెబుతూ,
తాతయ్య

తా.క.: అరవడం తప్పనిసరి కాదు. నాకు మాత్రం బాగా ఉపయోగపడేది.

* * *

తాతయ్యా,

ఈసారి నమస్కారం పెట్టడం లేదు.

లారీ ఎదురొచ్చింది. భయం వేసింది. కుడికాలు తొక్కిపెట్టాను. కుడికాలి కింద ఉన్నది బ్రేకు కాదు తాతయ్యా! కారు ఒక్క గెంతు గెంతింది. ఇంకా భయం వేసింది. ఎంత భయం వేస్తే అంత గట్టిగా అన్నావుగా, ఇంకా తొక్కాను. మాస్టారు తన వైపున్న రెండో బ్రేకు వేసేలోపే రోడ్డు దిగి మొక్కలమ్మే దుకాణంలోకి వెళ్లిపోయాం. పద్దెనిమిది కుండీలు పగిలాయి. వాటి వెనక ఒకతను వంగి మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. అతనికి మూరెడు దూరంలో ఆగింది. లేచి నిలబడి నా వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మాస్టారు కారు దిగి, పగిలిన కుండీలు లెక్కపెట్టి వచ్చారు. తర్వాత మెల్లిగా అడిగారు. "అమ్మా, మీ తాతగారు కారులో కూర్చునేది స్టీరింగు ఉన్న వైపా, లేని వైపా?"

నువ్వు చెప్పు. పరీక్షకి పది రోజులుంది. ఈ ఉద్యోగం నాకొద్దని రాసిచ్చేద్దామని కాగితం కూడా తీశాను.

పిచ్చుక

తా.క.: మాస్టారు ఇప్పుడు కారులో కూడా హెల్మెట్టు పెట్టుకుంటున్నారు.

* * *

పిచ్చుకా,

ఆ కాగితం మీద ఏమీ రాయకు.

లేని వైపు.

మోటారు సైకిలు మీద వెనక సీటు, కారులో పక్క సీటు. నడిపింది మీ అమ్మమ్మ. ఆవిడ పుట్టింటివాళ్లది మెకానిక్కు షెడ్డు. నాకూ ఒకసారి నేర్పబోయింది. స్టాండు వేసిన బండి మీంచే పడిపోయాను.

అచ్చాపీసు సందు మొదట్లో ఆవిడ దిగి, బండి నా చేతికిచ్చి, తను పాఠాలు చెప్పే బడికి నడిచి వెళ్లిపోయేది. నేను నెట్టుకుంటూ గేట్లోకి వచ్చేవాణ్ణి. "ఏమండీ, పెట్రోలు అయిపోయిందా?" అనేవాడు ఫోర్‌మన్. "అవునండీ" అనేవాణ్ణి. పదకొండేళ్లు ప్రతిరోజూ పెట్రోలు అయిపోయింది. బండి నడిపేది నేనేనని ఆఫీసు నమ్మింది, నా కబుర్లు విని నువ్వు నమ్మావు. కొన్నాళ్లకి నేనూ నమ్మాను. ఆ మొక్కలతను మూరెడు దూరంలో బతికాడని చదివాక ఆ నమ్మకం పోయింది.

నీ ఉత్తరాలన్నీ తీసుకెళ్లి అమ్మమ్మ ముందు పెట్టాను. ఈసారి దగ్గు రాలేదు. చదివి, రెండు చీరలు సంచిలో సర్దుకుంది. "నేను దాని దగ్గరికి వెళ్తున్నాను. వంట వచ్చని చెప్పుకుంటారుగా, అదీ ఇలాంటిదేనా?" అంది. రేపు పొద్దున్న బస్సుకి బయలుదేరుతోంది. ఈ ఉత్తరం ఆవిడ సంచిలోనే వస్తుంది.

తలవంచుకుని,
తాతయ్య

తా.క.: వంటా ఇలాంటిదే.

* * *

తాతయ్యకి నమస్కారాలు.

రెండూ పాసయ్యాను.

అమ్మమ్మ వారం రోజులు నాతోనే ఉంది. "భయం పోవడం లేదు అమ్మమ్మా" అంటే "నాకూ పోలేదే" అంది. "ఎన్నాళ్లు?" అన్నాను. "నడిపినన్నాళ్లూ" అంది. కనబడ్డదల్లా పైకి చెప్పమంది. ముందు సైకిలు, పక్కన తలుపు తెరుస్తున్న కారు, రోడ్డు దాటబోతున్న ముసలాయన. నోటికి పని ఉంటే చేతుల పట్టు జారదట. తను దారంతా అలా చెప్పుకుంటూ నడుపుతుంటే, నీతో కబుర్లాడుతోందనుకుని నువ్వు ఊఁ కొట్టేవాడివట.

ఇంకో సంగతి. నువ్వు కాలు నేలకేసి తొక్కే చప్పుడు కోసం తను చెవొగ్గి ఉండేదట. "నాకంటే ఆయనకి ముందే భయం వేసేది. ఆ కాలు పడగానే నేను బ్రేకు వేసేదాన్ని. చాలాసార్లు కారు ఆపింది ఆయనేనే" అంది. నీకు చెప్పొద్దంది. చెప్పేశాను.

నీ పిచ్చుక

తా.క.: నిన్న మొదటి ఇంటికి వెళ్లాను. తుంటి విరిగిన పెద్దావిడ. ఆసుపత్రివాళ్లిచ్చిన కారు గోడ పక్కన ఆపాను. తాళం జేబులో వేసుకుని గంట కొట్టాను.