రెండు ట్రేల చీటీలు

మంగళవారం, కిరండూల్. వాన.

పొద్దున పరీక్షలో ఖనిజంలో ఇనుము తక్కువగా వచ్చింది. ఖనిజం కుప్పంతా తిరగకుండా ఒకేచోట తవ్వి తెచ్చావంటూ, శాంపిల్ తెచ్చే ముత్తయ్యను ల్యాబ్‌లో అందరి ముందూ తిట్టాను. కొంటా ఊరి మనిషి, గొంతు పెంచడు. శాంపిల్‌లో మిగిలిన రాయి ఒకటి నా చేతిలో పెట్టాడు.

"బరువు చూడండి మేడమ్. ఇసుంటి రాయిల ఇనుము తక్కువెట్లుంటది?"

నిజమే, రాయి చేతిని కిందికి లాగింది. వెతికితే తెలిసింది. ఓవెన్‌లో ఆరబెట్టేటప్పుడు రెండు శాంపిళ్ల ట్రేల చీటీలు నేనే పొరపాటున తారుమారు చేశాను. రిపోర్టు పంపకముందే దిద్దాను. తప్పు లెక్క పైకి వెళ్తుందన్న భయం తీరింది.

సాయంత్రం ముత్తయ్యకు సారీ చెప్పాను. "ఏంది మేడమ్, గంత మాటెందుకు" అని నవ్వాడు.

తిట్టింది అందరి ముందు. సారీ మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి చెప్పాను.